ధ్రువ సముద్రాల మంచు: కొలతల చరిత్ర, విధానాల వివాదం

ధ్రువ ప్రాంతాల గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక విద్యార్థి "ఆర్కిటిక్ మంచు కరిగితే మన బందరు మునిగిపోతుందా సార్?" అని అడిగేవారు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం. సముద్రపు నీరే గడ్డకట్టి ఆ నీటిమీదే తేలుతూ ఉండే మంచును సముద్రపు మంచు అంటారు. గ్లాసులో తేలే మంచుముక్క కరిగితే నీరు పొంగిపొర్లదు. అలాగే ఈ మంచు కరిగినంత మాత్రాన సముద్రమట్టం చెప్పుకోదగినంతగా పెరగదు. మట్టాన్ని పెంచేవి వేరు: గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలలో నేలమీద పేరుకున్న మంచు, పర్వతాల మీది హిమానీనదాలు, వేడికి వ్యాకోచించే సముద్రజలం.

అలాంటప్పుడు తేలే మంచు గురించి ఇంత చర్చ ఎందుకు? తెల్లని మంచు తనమీద పడిన ఎండలో చాలా భాగాన్ని తిప్పి పంపుతుంది. అది తొలగిన చోట బయటపడే ముదురురంగు నీరు అదే ఎండను పీల్చుకుంటుంది. నీరు వేడెక్కి మరికొంత మంచును కరిగిస్తుంది. 1969లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బుడికో, అమెరికన్ శాస్త్రవేత్త విలియం సెల్లర్స్ వేర్వేరుగా ఈ ప్రక్రియను లెక్కగట్టారు. భూమి వేడెక్కితే ఉత్తర ధ్రువం దగ్గర ఆ ప్రభావం మిగతా చోట్ల కంటే ఎక్కువగా ఉండాలి. అందువల్లనే వాతావరణ మార్పు గురించిన వాదనల్లో ఈ మంచును రెండు పక్షాలూ సాక్షిగా పిలిచాయి. సాక్షి ఏం చెప్పిందన్న దానికంటే, ఏ సంవత్సరం నుంచి చెప్పించాలన్నదే పెద్ద తగాదా అయింది. చరిత్ర విద్యార్థికి ఇది ఆసక్తి కలిగించవలసిన విషయం.

ఓడల పుస్తకాల నుంచి ఉపగ్రహం దాకా

సైబీరియాకు ఉత్తరాన మంచులో చిక్కి 1881లో మునిగిపోయిన 'జానెట్' ఓడ అవశేషాలు మూడేళ్ల తరువాత గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. మంచు ఒక చోట నిలిచి ఉండదని, ధ్రువం మీదుగా కదిలిపోతూ ఉంటుందని దీనినిబట్టి ఊహించిన నార్వే అన్వేషకుడు నాన్సెన్, తన 'ఫ్రామ్' ఓడను 1893లో కావాలనే మంచులో ఇరికించాడు. ఓడ మంచుతోపాటు కొట్టుకుపోయి 1896లో స్వాల్బార్డ్ సమీపాన బయటపడింది. తిమింగలాల వేటగాళ్ల దినచర్య పుస్తకాలు, డెన్మార్క్ వాతావరణ సంస్థ ప్రచురించిన వేసవి మంచు పటాలు ఈ తొలి కాలానికి మన ఆధారాలు. ఇవన్నీ ఓడ వెళ్లగలిగిన చోటు గురించే చెబుతాయి. వెళ్లలేని చోట ఏముందో వీటికి తెలియదు.

1930లలో ఆర్కిటిక్ కొంత వేడెక్కింది. అదే కాలంలో ఉత్తర సముద్రమార్గాన్ని తెరవాలని సోవియట్ ప్రభుత్వం పట్టుబట్టింది. 1932లో 'సిబిర్యాకోవ్' ఓడ ఒకే వేసవిలో ఆ మార్గమంతా దాటింది. ఆ ఉత్సాహంలో బయలుదేరిన 'చెల్యూస్కిన్' మాత్రం 1934 ఫిబ్రవరిలో మంచు ఒత్తిడికి నలిగి మునిగిపోయింది. మంచుపలకల మీద మిగిలిన వందమందికి పైగా ప్రజలను విమానాలలో తరలించారు. ఒక దశాబ్దం వెచ్చగా ఉన్నంత మాత్రాన మంచు పోయినట్లు కాదన్నమాట.

తరువాతి ఆధారాలు ప్రచ్ఛన్నయుద్ధం పుణ్యమే. అమెరికా అణు జలాంతర్గామి 'నాటిలస్' 1958 ఆగస్టు 3న మంచుకింద నుంచి ఉత్తర ధ్రువం చేరింది. జలాంతర్గాములు సోనార్‌తో పైనున్న మంచు మందాన్ని కొలిచాయి. ఆ కొలతలు చాలాకాలం సైనిక రహస్యాలుగా ఉండిపోయాయి. 1990లలో కొన్ని బయటికి వచ్చాక పరిశోధకులు రెండు కాలాలను పోల్చారు. 1958-76 మధ్య వేసవి చివర సగటున సుమారు 3 మీటర్లున్న మంచు, 1990లలో 2 మీటర్లకు లోపు ఉంది. యుద్ధం కోసం సేకరించిన సమాచారం వాతావరణ చరిత్రకు ఇంత కీలకమైన ఆధారం కావడం విచిత్రమే.

విస్తీర్ణం విషయంలో అసలు మలుపు ఉపగ్రహాలతో వచ్చింది. ఆరునెలల చీకటిలో, మబ్బుల కింద ఉన్న మంచును మామూలు కెమెరా చూడలేదు. మంచు నుంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్ కిరణాలు మబ్బులను దాటి వస్తాయి. వాటిని గ్రహించే పరికరంతో నింబస్-7 ఉపగ్రహం 1978 అక్టోబరులో కక్ష్యలోకి వెళ్లింది. అప్పటి నుంచి లెక్క తెగకుండా సాగుతోంది. మీరు చూసే గ్రాఫులు చాలావరకు 1979తో మొదలవడానికి కారణం ఇదే. ఆ సంవత్సరానికి వేరే విశేషమేమీ లేదు.

ఏ ఏడాది నుంచి లెక్కించాలి?

ఆర్కిటిక్ మంచు సెప్టెంబరులో కనిష్ఠానికి చేరుతుంది. ఆ నెల సగటు 1979లో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2007లో అది ఒక్కసారిగా 43 లక్షలకు పడిపోయింది. ఆ ఏడాదే ఆగస్టులో రష్యన్లు ధ్రువం దగ్గర సముద్రగర్భంలో తమ జెండా పాతారు. డిసెంబరులో నోబెల్ ఉపన్యాసమిస్తూ అల్ గోర్, వేసవి మంచు ఏడేళ్లలోనే పూర్తిగా పోవచ్చన్న ఒక అంచనాను ప్రస్తావించాడు. ఇరవై రెండేళ్లన్న మరో అంచనాను కూడా ఆయన అదే చోట చెప్పాడు గాని, జనానికి గుర్తున్నది ఏడే.

2012 సెప్టెంబరులో కనిష్ఠం 34 లక్షలకు దిగింది. మరుసటి ఏడాది మళ్లీ 50 లక్షలు దాటింది. ఇంకేముంది, మంచు తిరిగి వచ్చేసిందని, భయమంతా కల్పితమని ప్రత్యర్థులు చాటారు. 2012 రికార్డు తరువాతి పదేళ్లలోనూ చెదరలేదన్నది నిజమే. కాని ఒక ఏడాదిని దాని పక్క ఏడాదితో పోల్చడం, వర్షం వెలిసిన మర్నాడు కరవు తీరిందనడం వంటిది. 2007ను చూసి ఏడేళ్లు లెక్కపెట్టినవారిదీ ఇదే పొరపాటు. 1930ల వెచ్చదనాన్ని ఎత్తిచూపేవారికి జవాబు పాత కాగితాలే ఇచ్చాయి. వేటగాళ్ల పుస్తకాలు, డెన్మార్క్ పటాలు వంటివన్నీ కలిపి 1850 దాకా వెనక్కి వెళ్లి చూసిన పరిశోధకులకు, ఇటీవలి వేసవులంత తక్కువ మంచు ఎక్కడా కనిపించలేదు.

దక్షిణ ధ్రువం కథ ఇంత సూటిగా లేదు. ఆర్కిటిక్ భూభాగాల మధ్యనున్న సముద్రం, అంటార్కిటికా సముద్రం మధ్యనున్న భూభాగం. అక్కడి మంచు మెల్లగా పెరుగుతూ 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. వాతావరణ నమూనాలు దీన్ని సరిగా ఊహించలేదు, విమర్శకులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అయితే 2016లో అది అకస్మాత్తుగా తగ్గింది. 2023 ఫిబ్రవరిలో 18 లక్షలకు లోపు చేరింది. ఉపగ్రహాల లెక్కలో అంతకు ముందెన్నడూ అంత తగ్గలేదు.

మంచు లెక్క, వాటాల లెక్క

విధానాల మీద పోరు నిజానికి మంచు గురించి కాదు. 1997 జులైలో, క్యోటో ఒప్పందానికి ముందే, అభివృద్ధి చెందుతున్న దేశాలకూ బాధ్యతలు పెట్టని ఒడంబడికను అంగీకరించబోమని అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో తీర్మానించింది. ఇంతకాలం పొగ వదిలినవారే ముందు తగ్గించుకోవాలన్నది భారత్ వంటి దేశాల వాదన. ఈ రెంటి మధ్య మంచుమీదే బతికేవారి మాట వినేవారు తక్కువయ్యారు. 2005 డిసెంబరులో కెనడాకు చెందిన ఇనూయిట్ నాయకురాలు షీలా వాట్-క్లౌటియర్, మరో 62 మంది కలిసి అమెరికా మీద అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు పిటిషన్ ఇచ్చారు. మంచు పలచబడి వేట, ప్రయాణం, ఇల్లు అన్నీ దెబ్బతింటున్నాయని, ఇది హక్కుల ఉల్లంఘన అని వారి ఫిర్యాదు. 2006లో కమిషన్ దాన్ని విచారణకు తీసుకోలేదు. 2007లో సమస్యపై వాట్-క్లౌటియర్ వాదన మాత్రం వింది.

భారతదేశం 2008లో స్వాల్బార్డ్‌లో 'హిమాద్రి' పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది, 2013లో ఆర్కిటిక్ మండలిలో పరిశీలక హోదా పొందింది. రుతుపవనాలతో ఆర్కిటిక్‌కు ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడం మన ఆసక్తుల్లో ఒకటి.

2016లో డిర్క్ నాట్జ్, జూలియన్ స్ట్రోవ్ ప్రచురించిన పరిశోధన మంచు లెక్కనూ వాటాల లెక్కనూ ఒకచోట చేర్చింది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సెప్టెంబరు ఆర్కిటిక్ మంచులో సుమారు 3 చదరపు మీటర్లు పోతుందని వారు తేల్చారు. సగటు భారతీయుడి పేర ఏడాదికి వెలువడేది దాదాపు 2 టన్నులు, సగటు అమెరికన్ పేర 14 టన్నుల దాకా. అంటే మనిషికి ఇక్కడ 6 చదరపు మీటర్లు, అక్కడ 40కి పైగా. దేశం మొత్తంగా చూస్తే, జనాభా వల్ల మన లెక్కా చిన్నది కాదు. మనిషి లెక్కా, దేశం లెక్కా, గత వందేళ్ల లెక్కా అన్న దగ్గరే ప్రతి వాతావరణ సదస్సులోనూ చర్చ ఇప్పటికీ ఆగుతోంది.