అవ్వ నాయిన, వేలరు గుర్రం, నుసుములు

మా అవ్వ పుట్టిల్లు హోసూరు పక్కన ఒక పల్లె. మేము బెంగళూరులో పుట్టి, కన్నడ బళ్ళో చదువుకున్నాము. ఇంట్లో తెలుగు నిలిచిందంటే అవ్వ చెప్పిన కథల వల్లే. వాటిలో ఒక గుర్రం కథ ఇన్నేళ్ళకు మళ్ళీ తవ్వి చూశాము.

19వ శతాబ్దంలో మద్రాసు సైన్యానికి గుర్రాలు సిద్ధం చేసే డిపో హోసూరులో ఉండేది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో వచ్చే గుర్రాలకు ఆ సీమ పేరు మీదే వేలర్లు అని పేరు పడింది. అవ్వ వాళ్ళది గుర్రాల పని తెలిసిన ఇల్లు. 1940లలో ఆమె నాయిన ఒక పెద్దింటి లాయంలో పని చేసేవాడు. అక్కడ ఒక వేలరు గుర్రం వానలు మొదలయ్యేసరికి జూలు, తోక మొదలు గోడకేసి రుద్దుకునేది. వెంట్రుకలు ఊడి, పుండ్లు పడి, రక్తం కారేది. చలికాలంలో తగ్గేది. మళ్ళీ వానలొస్తే అదే పాట. మూడో ఏడు యజమాని, "నీ అశుద్ధం వల్లే గజ్జి పట్టింది" అని ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

"మా నాయిన దాన్ని బిడ్డ మాదిరి చూసుకుంటా ఉండె. తప్పు మాత్రం ఆయన మింద ఏసిరి" అని అవ్వ చివరిదాకా అనేది.

యజమానిని ఒక్కణ్ణే అని లాభం లేదు. మన దేశంలో అశ్వశాస్త్రం పాతదే. శాలిహోత్రుడి పేరు మీద సంస్కృతంలో ఉంది, మనుమంచి భట్టు తెలుగులోనూ రాశాడు. అయినా ఈ దురదకు అసలు కారణం ఏమిటో గట్టిగా తేలింది 1950లలోనే. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఇదే జబ్బుకు 'క్వీన్స్‌లాండ్ ఇచ్' అని పేరు. రీక్ అనే పరిశోధకుడు రకరకాల పురుగుల సారం తీసి గుర్రాల చర్మంలోకి ఎక్కించి చూశాడు. జబ్బున్న గుర్రాలకు క్యులికోయిడిస్ అనే నుసుము సారంతో వాపు వచ్చింది. అంటే ఇది అంటుకునే గజ్జి కాదు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లుండే ఆ నుసుము కుట్టినప్పుడు దాని లాలాజలం కొన్ని గుర్రాలకు పడదు. అంతే.

ఇంకో సాక్ష్యం ఐస్‌లాండ్ నుంచి వచ్చింది. ఈ జబ్బు తెచ్చే నుసుములు అక్కడ లేవు, జబ్బూ లేదు. అక్కడి గుర్రాలను యూరప్‌కు తీసుకుపోయి నుసుములున్న చోట ఉంచితే, రెండేళ్ళు దాటేసరికి సగానికి పైగా గుర్రాలకు ఈ దురద పట్టుకుంది. అదే జాతి గుర్రం యూరప్‌లోనే పుట్టి పెరిగితే జబ్బు చాలా తక్కువ. జాతి ఒకటే, పుట్టిన చోటు వేరు. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక్కటే మార్చి, మిగతావన్నీ అట్లే ఉంచి చూడమంటారు మాకు. ఇక్కడ ఆ పని ఒక సముద్రమే చేసిపెట్టింది.

ఇప్పుడైనా పశువైద్యులు మొదట అడిగేది కథే. ఏ నెలలో వస్తుంది? ఏటేటా వస్తుందా? పొద్దు పుట్టేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు ఎక్కువా? నుసుములు ఎక్కువగా కుట్టేది ఆ వేళల్లోనే. తర్వాత మిగతావి ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోతారు. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో గజ్జి పురుగు కోసం చూస్తారు, పేలు వెతుకుతారు, తామర ఉందేమో చూస్తారు. తోక ఒక్కటే రుద్దుకుంటుంటే నులిపురుగుల గుడ్ల కోసం తోక కింద టేపు అంటించి తీస్తారు. చర్మ పరీక్ష, రక్త పరీక్ష ఉన్నాయి గానీ వాటినొక్కటే నమ్మరు; ఆరోగ్యంగా ఉన్న గుర్రం చర్మం కూడా ఒక్కోసారి స్పందిస్తుంది. చివరికి గట్టి పరీక్ష సులువైనదే. ఉదయం, సాయంత్రం గుర్రాన్ని సన్నటి వల కట్టిన లాయంలో ఉంచి, ఫ్యాను పెట్టి, ఒంటికి గుడ్డ కప్పి చూడాలి. నుసుములు బలంగా ఎగరలేవు, గాలికి నిలవవు. కుట్లు ఆగి దురద తగ్గిందంటే దోషి దొరికినట్టే. మామూలు దోమతెర చాలదు, కన్నాల్లోంచి దూరి వస్తాయి.

అవ్వ మాటల్లో ఒకటి మేము చిన్నప్పుడు పట్టించుకోలేదు. "పక్కన కట్టిన రెండు గుర్రాలకు ఏమీ కాలే" అనేది. అదే లాయం, అదే మాలీసు, అదే మనిషి. గజ్జి అయితే పక్కవాటికి అంటుకోవాల్సింది. వానల్లో వచ్చి చలిలో పోవడం, జూలు దగ్గర, తోక దగ్గర పుండ్లు, పక్క గుర్రాలు బాగుండడం. మూడూ ఒక వైపే చూపిస్తున్నాయి. గుర్రం ఇప్పుడు లేదు కాబట్టి ఇదే జబ్బని మేము సర్టిఫికెట్ ఇవ్వలేము. కానీ ఆయన అశుద్ధం వల్ల వచ్చిందనడానికి కథలో ఒక్క ఆధారమూ లేదు.

పదేళ్ళు ఆలస్యంగా వచ్చిన శాస్త్రం ఆయనకు అందలేదు. అవ్వకైనా చెప్పి ఉంటే బాగుండేది, మేమూ ఆలస్యమే చేశాము. మీ ఇళ్ళల్లో గుర్రాలు, ఎద్దులు సాకిన పెద్దలుంటే వాళ్ళ మాట విన్నది విన్నట్టు రాసి పెట్టండి. ఏ నెలలో, ఏ వేళలో, పక్క పశువుకు ఏమైంది అన్న ముక్కలు వదలకండి. జవాబు వాటిలోనే ఉండొచ్చు.