కోత ఎంత, కోసేది ఎవరు

సికిందరాబాద్ బజారుగా ఎదిగిందే సుంకం లేకపోవడం వల్ల. 1802లో నిజాంకూ కుంఫిణీకీ కుదిరిన వర్తక ఒప్పందం సరుకు మీద సుంకాన్ని నూటికి 5గా ఖాయం చేసింది. నాలుగేళ్ల తర్వాత, 1806లో, హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దండు దిగిన చోటుకు మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. దండుకు వచ్చే దిగుమతి సరుకుకు పన్ను మినహాయించారు. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ ఆ మినహాయింపు నీడలో లేచాయి.

ఈ సంగతి నాకు ముఖ్యం, ఎందుకంటే నా బతుకంతా కోతల లెక్క రాయడంతోనే గడిచింది. మోండా మార్కెట్‌లో కూరగాయల కమిషన్ దుకాణంలో గుమాస్తాగా చేరాను. హోల్‌సేల్ వ్యాపారం బోయిన్‌పల్లికి తరలాక అక్కడా అదే పని. సుంకం లేని బజారంటే కోత లేని బజారని జనం అనుకుంటారు. సర్కారు తియ్యని చోట ఇంకొకరు తీస్తారు, అంతే.

ఉదాహరణకు బట్టా. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, ఇంగ్లీషు వాళ్ల దండులో కల్దారు. వంద కల్దార్లకు నూటపదహారు హాలీల పైచిలుకు మారకం. ఊళ్లో సరుకు ఒక నాణెంలో కొని దండులో ఇంకో నాణెంలో అమ్మే వర్తకుడు మధ్యలో నాణేలు మార్చే సరాఫు గడప తొక్కాలి. ఆ సరాఫు ప్రతి మార్పులోనూ బట్టా పట్టుకునేవాడు. 1959లో హాలీ చెలామణీ ఆగిపోయేదాకా ఈ రెండు రూపాయల లెక్క సాగింది. మా దుకాణంలో నాకు పని నేర్పిన పెద్ద గుమాస్తా ఆ మారకాన్ని ఎక్కంలా అప్పజెప్పేవాడు.

ఇక పంట మార్కెట్ల కథ వేరే దారిలో నడిచింది. దేశంలో మొట్టమొదట నియమాలు పెట్టి నడిపిన మార్కెట్ 1886లో బేరారులోని కారంజా పత్తి బజారు. ఆ ఉత్తర్వు వెలువడింది మన హైదరాబాద్ రెసిడెన్సీ నుంచి. బేరారు అప్పుడు నిజాం సొత్తు, పాలన మాత్రం రెసిడెంటుది. పత్తి ఇంగ్లండు మిల్లులకు పోవాలి, అందుకని తూకం, ధర ఒక పద్ధతిలో ఉండాలి. రైతు మీద జాలితో పెట్టిన నియమం కాదది. అయినా రైతుకు పనికొచ్చింది. 1897లో బేరారు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ ఇలాంటి మార్కెట్లు అన్నిచోట్లా కావాలంది. 1930లో, అంటే 1339 ఫసలీలో, నిజాం ప్రభుత్వమే హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది.

ఈ చట్టాలు కోతను రద్దు చేయలేదు. ఏది ఎంతో పైకి చెప్పమన్నాయి, ఎవరు కట్టాలో తేల్చమన్నాయి. అంతకుముందు అడ్తిదారు కమిషన్ ఒక్కటే కాదు, దడ్వాయి తూకం కూలి, హమాలీ కూలి, చాట కూలి, తేమ పేరుతో తరుగు, గుడి పేరుతో ధర్మం, నమూనా పేరుతో గుప్పెడు గింజలు, అన్నీ రైతు వాటాలోంచే పోయేవి. ధర తేల్చేది రుమాలు కింద. కొనేవాడూ దళారీ గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం ఆడుతుంటే, సరుకు తెచ్చినవాడు పక్కనే నిలబడి కూడా తన ధర ఎంత పలికిందో తెలుసుకోలేడు. నియంత్రిత మార్కెట్లలో ఆ గుడ్డ తీసేయించారు. బహిరంగ వేలం వచ్చింది. వరంగల్ ఏనుమాములలో, ఖమ్మంలో మిర్చి సీజన్‌లో జెండా పాట చూసినవాళ్లకు తెలుసు, ఆనాటి ధర అందరి చెవుల ముందు పుడుతుంది. అమ్మకం కాగానే తక్‌పట్టీ చేతికి రావాలి. సరుకు, తూకం, ధర, కోతలు, చేతికొచ్చేది అందులో ఉండాలి. 1966 చట్టం కింద మార్కెట్ ఫీజు మన దగ్గర నూటికి రూపాయి, అది కొనేవాడు కట్టాలి.

కాగితం మీద ఉన్నదంతా యార్డులో జరిగిందని నేను అనను. నేను పనిచేసిన ఒక దుకాణంలో కమిషన్ ఎంతో బోర్డు మీద రాసి ఉండేది, రైతుకు దాని మీద పేచీ లేదు. పేచీ అంతా బోర్డు మీద లేని తరుగు మీద. యాచారం వైపు నుంచి టమాటా తెచ్చిన ఆడమనిషి నా బల్ల ముందు నిలబడి, తక్‌పట్టీలో తరుగు అంకెను వేలితో చూపిస్తూ, ‘ఇదెక్కడిది బిడ్డా?’ అని అడిగేది. ఆ గడిలో ఏం రాయాలో యజమాని చెప్పాడు గానీ, ఆమెకేం చెప్పాలో చెప్పలేదు.

ఇంకో రకం బజారును మారేడుపల్లిలో ఉండే మా మనవడి దగ్గర చూశాను. వాడు కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ ఆట ఆడతాడు. ఆటలో తుపాకికి వేసే రంగు తొడుగులను స్కిన్లంటారు. స్టీమ్ అనే ఆటల వేదిక నడిపే మార్కెట్లో వాటిని కొని అమ్ముతాడు. నాకు ఆ తెర చూపించి, ‘తాతా, నాకు ఇంత, కొనేవాడు కట్టేది ఇంత, మధ్యలోది వాళ్లకి’ అన్నాడు. నూటికి 5 స్టీమ్ ఫీజు, 10 ఆటది. అమ్మకానికి పెట్టకముందే తెర మీద రాసి ఉంది. నాకది నచ్చింది. తక్‌పట్టీ ఇలాగే ఉండాలి.

వచ్చిన డబ్బు మాత్రం స్టీమ్ వాలెట్‌లోనే ఉంటుంది, బ్యాంకుకు రాదు. హాలీని బట్టా ఇచ్చుకునైనా కల్దారు చేసుకోగలిగేవారు, దీనికి ఆ సరాఫు కూడా లేడు. ఇలాంటి బజార్లు అంతకుముందూ పెట్టారు. 2012లో డయాబ్లో 3 ఆటలో అసలు డబ్బుతో వేలం బజారు తెరిచి, ఆయుధం ఒక్కదానికి ఒక డాలరు కోత పెట్టారు. రాక్షసుల్ని చంపి సంపాదించాల్సింది జనం కొనుక్కుంటున్నారని, ఆట రుచి పోయిందని, 2014 మార్చి 18న ఆట తయారుచేసినవాళ్లే మూసేశారు.

నన్ను కలవరపెట్టింది 2025 అక్టోబరులో జరిగింది. ఎర్ర తరగతి స్కిన్లు ఐదు ఇస్తే ఒక కత్తి పొందవచ్చని కౌంటర్ స్ట్రైక్‌లో ఒక నియమం మార్చారు. అరుదైనవని కొన్న కత్తుల ధరలు ఒక్కరోజులో కూలిపోయాయి. మావాడు దాచుకున్న కత్తి కూడా అందులో ఉంది. ఏ నోటిఫికేషనూ లేదు, అభ్యంతరాలు చెప్పమన్న గడువూ లేదు.

మార్కెట్ కమిటీలు నామినేటెడ్ పదవులే, రాజకీయమూ ఉంది, నేను కళ్లారా చూశాను. కానీ అందులో రైతుకు కుర్చీ ఉందని చట్టం చెబుతుంది. ధర పడిందని, తూకం తప్పిందని అరవడానికి గేటు ఉంది, ఆ గేటు ముందు ధర్నా చేసిన రోజులున్నాయి. ఆ తెర మీది బజారులో నియమం రాసేదీ, తగువు తీర్చేదీ, కోత తీసేదీ ఒక్కరే. కారంజాకు ఉత్తర్వు ఇచ్చిన రెసిడెంటు కూడా కమిషన్ దుకాణం పెట్టలేదు. నూటికి 15 మీద నాకు పేచీ లేదు. ఆ బజారులో అమ్మేవాళ్లకు కూడా ఒక కమిటీ, ఒక కుర్చీ, నియమం మార్చేముందు నెల రోజుల నోటీసు కావాలి. మావాడికి ఆ మాటే చెప్పాను, వాడి స్నేహితులకూ చెప్పమన్నాను.