విషయ పరిధి దాటిన వ్యాసం

2024 జనవరిలో ఒక కాలేజీ వాళ్ళు నన్ను వ్యాసరచన పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమన్నారు. జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా పెట్టిన పోటీ అది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు రాశారు. ఇచ్చిన విషయం 'పౌర హక్కులు – ఓటు హక్కు'. మొత్తం 63 వ్యాసాలొస్తే అందులో నలభైకి పైగా ఆడపిల్లలవే. ఆ కట్ట ఇంటికి తెచ్చుకుని, వంటింటి పనికీ పాఠాల తయారీకీ మధ్య దొరికిన రెండు రాత్రుల్లో చదివాను.

పదో వ్యాసానికి వచ్చేసరికి తర్వాత వాక్యం ఏం రాబోతోందో నాకు తెలిసిపోతోంది. ఓటు వజ్రాయుధం. ఓటును నోటుకు అమ్ముకోకూడదు. యువత ముందుకు రావాలి. 1950 జనవరి 25న ఎన్నికల సంఘం ఏర్పడిందనీ, అందుకే 2011 నుంచి ఆ రోజును ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారనీ అందరూ రాశారు. అంబేద్కర్ అన్నింట్లోనూ ఉన్నాడు, ఒక్కొక్క వాక్యంలో. మార్టిన్ లూథర్ కింగ్ తొమ్మిది వ్యాసాల్లో ఉన్నాడు. విషయంలోని మొదటి సగం, అంటే 'పౌర హక్కులు' అన్న మాట, మొదటి పేరాలో కనపడి మాయమయ్యేది. పిల్లల్ని వెక్కిరించడానికి చెప్పటం లేదు. మనం చెప్పిందే వాళ్ళు రాశారు.

ఆడపిల్లలు రాసిన వాటిలో ఎక్కువ భాగం, రాజ్యాంగంతో పాటే స్త్రీలకు ఓటు హక్కు వచ్చేసిందన్నాయి. నా పిహెచ్‌డి స్వాతంత్ర్యానికి ముందటి స్త్రీల పత్రికల మీద. కాబట్టి ఇక్కడ ఎర్ర కలం ఆగలేదు, మార్జిన్లో '1921?' అని రాస్తూ పోయాను. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందమొకటి మద్రాసులో మాంటేగ్‌ను కలిసి ఓటు అడిగింది. ఓటర్ల అర్హతలు తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు స్త్రీలకు ఇంకా సమయం రాలేదని తేల్చింది. 1919 చట్టం ఆ సంగతిని రాష్ట్ర శాసనసభలకు వదిలేసింది. 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇస్తూ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదటిది. మన తెనాలి, బాపట్ల, రేపల్లె అప్పుడు ఆ రాష్ట్రంలోనివే.

ఇదంతా నేను ఎన్నోసార్లు గర్వంగా చెప్పిన కథే. చెప్పేటప్పుడు ఒక సంగతి గబగబా దాటేస్తుంటాను. వాళ్ళు అడిగిందీ, వచ్చిందీ 'పురుషులతో సమానంగా' ఓటు. పురుషులకు ఉన్నది ఆస్తిని బట్టి ఓటు. అంటే తన పేర శిస్తు కట్టే భూమి ఉన్న ఏ కొద్దిమందికో తప్ప మిగిలిన స్త్రీలకు ఆ తీర్మానంతో పనిలేదు. 1935 చట్టం ఆ వలయాన్ని కాస్త పెంచింది. చదువు వచ్చిన స్త్రీకి ఒక దారి, ఆస్తిపరుడి భార్యకు ఇంకో దారి. రెండో దారిలో ఆమె ఓటు ఆమెది కాదు, భర్త పొలానిది. పొలం లేని, బడి లేని స్త్రీకి ఓటు వచ్చింది రాజ్యాంగం 326వ అధికరణంతోనే. ఈ ముక్క గుర్తొచ్చాక, మార్జిన్లో నేను వేసిన '1921?'లు సగం పైగా నాకే తప్పుగా కనిపించాయి. ఆ పిల్లల్లో చాలామంది అమ్మమ్మలకు 1950యే సరైన ఏడాది.

ఇంకో సంగతి. 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాల నుంచి దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తీసేశారు. తీసేయడానికి అసలు పేర్లంటూ లేవు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి కూతురు అనే చెప్పారు వాళ్ళు. సొంత పేరు చెప్పందే కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టాడు. అది ఎక్కువగా బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారతం వైపు జరిగింది, మన వైపు కాదు. అయినా 1935లో 'ఫలానా వాడి భార్య' అంటేనే ఓటిచ్చి, పదహారేళ్ళ తర్వాత అదే మాట అన్నందుకు కొట్టేశారన్నది ఆలోచించదగ్గ విషయం.

యాభైల్లో ఎక్కడో ఆ ఒక్క వ్యాసం వచ్చింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలోనే కొట్టివేతలు. చేతిరాత బాగాలేదు. వాళ్ళ అమ్మమ్మ పొలం కూలీ అనీ, ప్రతి ఎన్నికలోనూ ఓటు వేసిందనీ మొదలుపెట్టింది ఆ అమ్మాయి. పోలింగ్ బూత్ ఉన్న బడి ఊళ్ళో పెద్ద కులాల వీధిలో ఉందట. అమ్మమ్మ ఆ బడి మెట్లు ఎక్కింది ఓటు వేసే రోజుల్లోనేనట. తర్వాత పేరాలో చుండూరు వచ్చింది. 1991 ఆగస్టులో తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో గుడారాల్లో తలదాచుకున్న వాళ్ళలో వాళ్ళ అమ్మమ్మ కూడా ఉందని రాసింది. 'ఆ సంవత్సరం కూడా ఆమె ఓటు వేసింది' అని ఒక వాక్యం రాసి, కింద గీత గీసింది. అంతకు మించి దాని గురించి ఏమీ అనలేదు.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1991 లోక్‌సభ ఎన్నికలు మే, జూన్ నెలల్లో జరిగాయి. చుండూరు సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్డి యువకుడికి తగిలిందని గొడవ మొదలైంది జూలై 4న. ఆ తర్వాత దళితులను పొలం పనులకు పిలవడం మానేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలను గోతాల్లో కట్టి కాలవలో వేశారు. అంటే ఓటుకూ, సినిమా హాలుకూ మధ్య ఉన్న దూరం రెండు నెలలు కూడా లేదు.

ఫలితాలు నిర్ణయించడానికి ముగ్గురం కూర్చున్నాం. ఆ వ్యాసానికి నేను మొదటి బహుమతి అన్నాను. మిగిలిన ఇద్దరూ మంచి మనుషులే, ఈ మాట నిజంగానే అంటున్నాను. ఒకాయన 'బాగా రాసిందమ్మా, కానీ విషయ పరిధిలో లేదు' అన్నారు. మార్కుల పట్టీలో 'విషయ పరిధి' అని ఒక గడి ఉంది, దానికి పది మార్కులు. రెండో ఆవిడ, 'పిల్లలతో సభలో చదివిస్తారు కదా, ఊళ్ళో పాత గొడవలు మళ్ళీ ఎందుకు' అన్నారు. నేను కాసేపు వాదించాను. తర్వాత ప్రోత్సాహక బహుమతికి ఒప్పుకుని కాగితం మీద సంతకం చేశాను.

ఇంటికొచ్చాక ఆ 'పరిధి' నన్ను వదల్లేదు. పౌర హక్కులు అన్న మాటకు మన దేశపు చట్టంలో ఒక కచ్చితమైన అర్థం ఉంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టాన్ని 1976లో సవరించి, పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. ఆ చట్టం ప్రకారం పౌర హక్కు అంటే, రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేయడం వల్ల మనిషికి వచ్చే హక్కు. అదేమిటో కూడా వరసగా రాశారు: బావి, చెరువు, కుళాయి, హోటలు, గుడి, వీధి, వినోదశాల. వినోదశాల అంటే సినిమా హాలే. మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న దళితవాడల్లో అధికారులు 'సివిల్ రైట్స్ డే' జరపాలన్న నియమం వెనక ఉన్నదీ ఈ అర్థమే. ఆ లెక్కన 63 వ్యాసాల్లో విషయ పరిధిలో ఉన్నది ఆ ఒక్కటే. మిగిలిన 62 సగం విషయం మీదే రాశాయి. మేం ముగ్గురం వాటికే పదికి ఎనిమిదీ తొమ్మిదీ వేశాం.

నీళ్ళ సంగతీ ఇక్కడిదే. 1985 జూలైలో కారంచేడులో మాదిగవాడ తాగునీటి చెరువును మురికి చేస్తుంటే అడ్డుపడిన వాళ్ళలో మున్నంగి సువార్త ఒకరు. తనను కొట్టబోయిన వాళ్ళ మీదకు ఆమె చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు, 17న, వాడ మీద దాడి జరిగింది, ఆరుగురు చనిపోయారు. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది తెనాలిలోనే. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. మార్టిన్ లూథర్ కింగ్ గురించి రాసిన తొమ్మిది మందిలో ఐదుగురు బాపట్ల వైపు పిల్లలు. ఆ తొమ్మిది మందీ కింగ్ బదులు ఫానీ లూ హేమర్ గురించి చదివి ఉంటే ఏమయ్యేదో అనుకుంటాను. 1962లో మిసిసిపీలో ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళొచ్చినందుకు, తాను పని చేసే పత్తి తోటలోంచి యజమాని ఆమెను ఆ రోజే వెళ్ళగొట్టాడు. కూలి ఆపేస్తే ఏమవుతుందో చుండూరు మండలంలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, దళితులను ఓటు వేయొద్దని గానీ ఫలానా వాళ్ళకే వేయమని గానీ బెదిరించడాన్ని కూడా అత్యాచారాల జాబితాలోనే పెట్టింది. చట్టం రాసినవాళ్ళకు బావీ, బూతూ ఒకే వీధిలో కనిపించాయి.

ఆ వ్యాసంలో చివరి పేజీ కోర్టు గురించి. కేసు ఎక్కడో జిల్లా కేంద్రంలో కాదు, మా ఊళ్ళోనే విచారించాలని చుండూరు దళితులు ఏళ్ళ తరబడి పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఊళ్ళోకి తెప్పించుకున్నారు. నేరం జరిగిన ఊళ్ళోనే అలాంటి కోర్టు కూర్చోవడం దేశంలో అదే మొదటిసారి. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ అమ్మాయి 2007 దాకా రాసి ఆపేసింది. టైం అయిపోయిందో, ఇంకేమన్నానో.

ఇప్పుడు నేను ఇన్నాళ్ళూ ఎక్కడా రాయని సంగతికి రావాలి. ఆగస్టు 6 తర్వాత పెద్ద కులాల స్త్రీలు రోడ్ల మీద కూర్చుని, దళిత యువకులు తమను వేధిస్తున్నారని ధర్నాలు చేశారు. స్త్రీవాదులం ఈ ఘట్టాన్ని ఎలా చదవాలి అన్న ప్రశ్నను 1990ల నడుమ సూసీ తారూ, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో ముందు పెట్టారు. స్త్రీ వీధిలోకి రావడమే విముక్తి అనుకుంటే, ఈ వీధి ఎవరిది? ఆ వ్యాసాన్ని నేను ఎం.ఏ. పిల్లలకు ఐదేళ్ళుగా చెబుతున్నాను. ఒక్కసారి కూడా చెప్పనిది, ఆ కూర్చున్న వాళ్ళలో మా పెద్దమ్మ ఉందని. అప్పటికి నాకు మూడేళ్ళు. ఇంట్లో అది రహస్యం కాదు, పెళ్ళి కబుర్ల మధ్య, కరెంటు పోయిన రాత్రుల్లో వినిపించేదే.

ఆ శనివారం తెనాలిలో ఉన్న పెద్దమ్మ దగ్గరకెళ్ళాను. పప్పు రుబ్బుతోంది. 'పెద్దమ్మా, ఆ రోజు రోడ్డు మీద కూర్చున్నారే, నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా?' అని అడిగాను.

'నన్నెవరంటారే! మీ పెదనాన్న పదమన్నాడు. అందరూ ఎక్కుతుంటే నేనూ ట్రాక్టరెక్కా.'

'నువ్వేం చెప్పావు అక్కడ?'

'ఏం చెప్తాం? చెప్పేవాళ్ళు చెప్పారు.' కాసేపాగి, 'మాకు పని చేసే మేరమ్మ కొడుకు కూడా ఉన్నాడంట ఆ పరిగెత్తిన వాళ్ళల్లో. బతికాడులే. ఆ తర్వాత మేరమ్మ మన గడప తొక్కలా' అంది.

నేను ఇంకేం అడగాలో తెలీక, ఓటు ఎవరికి వేస్తావు అని అడిగాను. 'అదీ అంతేగా, పెదనాన్న చెప్పినోళ్ళకి. ఆయన పోయాక మీ అన్నయ్య చెబుతున్నాడు' అని నవ్వింది. 1921లో ఆమె ఓటరయ్యే మనిషి కాదు, పొలం ఆమె పేర లేదు. 1935లో అయ్యేది. ఆమె అమాయకత్వాన్ని ఇక్కడ సాక్ష్యంగా పెట్టడం నా ఉద్దేశం కాదు. ట్రాక్టర్ ఎక్కింది ఆమే. మేరమ్మ గడప ఎక్కకపోవడం ఆమెకు ముప్పై ఏళ్ళుగా గుర్తుంది, ఎందుకు ఎక్కలేదో అడగాలని మాత్రం అనిపించలేదు. నాకూ అనిపించలేదు, పిహెచ్‌డి అయ్యేదాకా.

చుండూరు ఉన్న వేమూరు నియోజకవర్గమూ, బాపట్ల లోక్‌సభ స్థానమూ 2009 నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయ్యాయి. ఆ ఏడు బాపట్ల నుంచి గెలిచింది పనబాక లక్ష్మి. పంచాయతీల్లో సగం సీట్లు స్త్రీలవి. వీటిని తక్కువ చేయను. ఆ వ్యాసం రాసిన అమ్మాయి కూడా తక్కువ చేయలేదు, అమ్మమ్మ ఓటును ఎంతో అపురూపంగానే రాసింది. ఆమె అడిగిందల్లా మిగిలిన రోజుల్లో ఆ బడి మెట్ల సంగతి.

బాపట్ల వెళ్ళేటప్పుడు తెనాలి దాటాక చుండూరు స్టేషన్ వస్తుంది. చనిపోయినవాళ్ళను ఊళ్ళోనే పాతిపెట్టారు, ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడ సభ జరుగుతుంది. వందసార్లు ఆ దారిన రైల్లో వెళ్ళాను. 2024 ఆగస్టులో మొదటిసారి దిగాను. ఆ అమ్మాయి కనిపిస్తుందేమోనని చూశాను, కనిపించలేదు. కనిపిస్తే ఏం చెప్పేదాన్నో కూడా అనుకుని వెళ్ళలేదు.

2025 జనవరిలో మళ్ళీ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. వస్తాను గానీ, మార్కుల పట్టీలో 'విషయ పరిధి' గడి తీసేయమన్నాను. తీసేస్తే ఆ పది మార్కులు దేనికి వేయాలి అని అడిగారు. పిల్లలు తమ ఊరి గురించి రాసిన దానికి వేయమన్నాను. 'కమిటీలో పెట్టి చూస్తాం మేడమ్' అన్నారు.