వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు తరలింపు

వింబుల్డన్ అంటే మనకు టెన్నిసే. అదే పేరుతో దక్షిణ లండన్‌లో 1889లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఒకటుండేది. దాన్ని యాజమాన్యం దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడం, వద్దన్న అభిమానులు వేరు క్లబ్బు పెట్టుకోవడం ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పెద్ద వివాదం.

పూర్వరంగం: 1977 దాకా ఫుట్‌బాల్ లీగ్‌లో చోటే లేని ఈ క్లబ్బు 1986కల్లా మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1988లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట దుర్ఘటన తర్వాత పెద్ద క్లబ్బుల మైదానాల్లో అందరికీ కుర్చీలు తప్పనిసరి కావడంతో, 1991లో పాత ప్లవ్ లేన్ మైదానం వదిలి క్రిస్టల్ ప్యాలెస్ వారి సెల్‌హర్స్ట్ పార్క్‌లో అద్దెకు చేరింది. యజమాని శామ్ హమ్మామ్ ఒక దశలో జట్టును డబ్లిన్‌కు తీసుకెళ్దామని చూశారు. 1997లో క్లబ్బు నార్వే పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది, మరుసటి ఏడాది ప్లవ్ లేన్ స్థలం సూపర్‌మార్కెట్ సంస్థ పాలైంది. సొంత నేల పోయిన క్లబ్బును ఎక్కడికైనా మార్చవచ్చన్న ఊహకు బీజం ఇక్కడే పడిందనాలి.

తీర్పు: 2001 ఆగస్టులో ఛైర్మన్ చార్లెస్ కోపెల్ తరలింపు నిర్ణయం ప్రకటించారు. నష్టాల క్లబ్బు బతకాలంటే ఇదొక్కటే దారి అన్నది ఆయన వాదం. లీగ్ ఒప్పుకోలేదు. చివరికి ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2002 మే 28న 2-1 తేడాతో అనుమతించింది. అభిమానులు కొత్త క్లబ్బు పెట్టడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు తగదని నివేదికలో ఒక మాట రాసింది. దాన్ని ఆ అభిమానులు ఇప్పటికీ ఎద్దేవాగా వాడుకుంటూనే ఉంటారు.

కొత్త క్లబ్బు: తీర్పు వచ్చిన నెల తిరిగేసరికి ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఆటగాళ్ల ఎంపిక మొదలైంది. అదీ ఊరి బయలు, వింబుల్డన్ కామన్‌లో. ఎవరైనా రావచ్చన్నారు, 230 మంది వచ్చారు. జట్టుకు దక్కింది తొమ్మిదో అంచె లీగ్. అయినా తొలి సీజన్‌లోనే సగటున మూడు వేలమంది చూడ్డానికి వచ్చారు, అభిమానులు బహిష్కరించిన పాత జట్టుకు అంతమంది రాలేదు. పాత క్లబ్బు 2003లో దివాలా నిర్వహణ కిందికి పోయి, అదే ఏడాది సెప్టెంబరులో మిల్టన్ కీన్స్ చేరి, 2004లో ఎంకే డాన్స్ అయింది. 2007లో పాత కప్పుల నమూనాలు, జ్ఞాపికలు వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు అప్పగించింది. 2011లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఫుట్‌బాల్ లీగ్‌కు ఎక్కింది.

అభిమానులే యాజమాన్యమైతే: కొత్త క్లబ్బు సభ్యులందరికీ చెందిన డాన్స్ ట్రస్టు అనే అభిమానుల సంఘం చేతిలో ఉంది. కుర్చీలో ఎవరు కూర్చున్నా లెక్కలు అవే కదా. ప్లవ్ లేన్ ప్రాంతానికి తిరిగి రావడానికి డబ్బు కావాలి. అందుకని తాము కొనుక్కున్న కింగ్స్‌మెడో మైదానాన్ని చెల్సీకి అమ్మారు. కొత్త స్టేడియం ఖర్చుకు ఇంకా లోటు పడితే, బయటివాళ్లకు వాటా ఇవ్వాలా వద్దా అన్న విషయంలో సభ్యులు సొంత బోర్డునే నిలదీశారు. చాలామంది బాండ్లు కొని 50 లక్షల పౌండ్లకు పైగా అప్పిచ్చారు. 2020 నవంబరు 3న కొత్త ప్లవ్ లేన్‌లో డాన్‌కాస్టర్‌తో తొలి మ్యాచ్ 2-2తో ముగిసింది. కోవిడ్ నిబంధనల వల్ల బాండ్లు కొన్నవాళ్లకూ లోపలికి ప్రవేశం లేదు.