ఆస్ట్రేలియాలో ప్రైవేటు జైళ్లు: మీరు తెలుసుకోవాల్సినవి

ఆస్ట్రేలియాలో కొన్ని జైళ్లను ప్రైవేటు కంపెనీలు నడుపుతాయి. మొదటిది 1990లో క్వీన్స్‌లాండ్‌లోని బొరాలన్‌లో మొదలైంది. వీసా లేనివాళ్లను ఉంచే ఇమ్మిగ్రేషన్ డిటెన్షన్ కేంద్రాలూ కాంట్రాక్టు మీదే నడుస్తాయి.

చిక్కేంటంటే, సిబ్బంది మీదా మరమ్మతుల మీదా ఎంత మిగిలిస్తే కంపెనీకి అంత లాభం. కాంట్రాక్టు పని చేసే మీకు ఈ లెక్క కొత్త కాదు. అక్కడ మాత్రం ప్రాణాలే పోతాయి.

2008 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో, తాగి బండి నడిపిన కేసులో ఒక ఆదివాసీ పెద్దను ప్రైవేటు కంపెనీ వ్యానులో సుమారు 360 కిలోమీటర్లు తీసుకెళ్లారు. వెనక ఏసీ పనిచేయలేదు. ఎండవేడికి ఆయన చనిపోయారు. 2011లో కోర్టు జీఫోర్‌ఎస్ కంపెనీకీ, రాష్ట్ర జైళ్ల శాఖకూ చెరో 2,85,000 డాలర్ల జరిమానా వేసింది. అంటే, కాంట్రాక్టుకు ఇచ్చినా ప్రభుత్వం బాధ్యత తీరిపోదు.

క్వీన్స్‌లాండ్ 2021 నాటికి తన ప్రైవేటు జైళ్లను ప్రభుత్వం చేతికి తీసుకుంది.

మీవాళ్లెవరైనా డిటెన్షన్‌లో ఉంటే:

• భారత కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడగమనండి. అది వాళ్ల హక్కు.
• భాష రాకపోతే దుబాసీ కోసం ఆస్ట్రేలియాలో 131 450కి ఫోన్ చేయొచ్చు.
• వైద్యం అందకపోతే తేదీ, సమయం రాసిపెట్టుకోండి. కామన్వెల్త్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఉచితం. కంపెనీకి చెప్పి ఊరుకోకండి.