గాజు పలకపై నక్షత్రాలు: గుంటూరు గ్రహణం నుంచి బేగంపేట వేధశాల వరకు

రాత్రి ఆకాశాన్ని ఛాయాచిత్రంగా నిలపాలని పూనుకున్నవారికి మొదటినుంచీ రెండు ఆటంకాలు ఎదురయ్యాయి. నక్షత్రాల నుంచి అందే వెలుగు అత్యల్పం. ఆ వెలుగును పోగుచేసుకోవడానికి కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచితే భూభ్రమణం వల్ల నక్షత్రం చుక్కగా కాక గీతగా పడుతుంది. ఈ ఆటంకాలను దాటడానికి మెరుగైన రసాయనాలూ కటకాలూ తోడ్పడిన మాట నిజమే అయినా, ఒకే పనిని ఒకే క్రమంలో పదేపదే చేసి, ప్రతిసారీ ఏం జరిగిందో రాసిపెట్టుకున్న వారి సాధనే ఈ విద్యను నిలబెట్టింది. అందుకు తెలుగు నేలపై 1868లో గుంటూరులోను, 1908 తరువాత హైదరాబాదులోను జరిగిన కృషి బలమైన నిదర్శనం.

ఛాయాగ్రహణ ప్రక్రియ 1839లో లోకానికి వెల్లడైన మరుసటి ఏడాదే జాన్ విలియం డ్రేపర్ న్యూయార్కులో చంద్రుని చిత్రాన్ని తీశాడు. 1850లో హార్వర్డ్ వేధశాలలో విప్పుల్, బాండ్ అనేవారు అభిజిత్ నక్షత్రాన్ని పలకకు ఎక్కించారు. ఆ మరుసటి ఏడాది వెలుగులోకి వచ్చిన కలోడియన్ పద్ధతిలో, గాజు పలకకు జిగురు వంటి ద్రవం పూసి, దానిని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలసి వచ్చేది. ఈ పలక నీలి కాంతికే అతిగా స్పందించేది కనుక, నేల కనబడేంతసేపు తెరిచి ఉంచితే ఆకాశం తెల్లబారిపోయేది. ఆకాశానికి తగినట్లు తెరిస్తే నేల నల్లబడిపోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850ల రెండవ భాగంలో సముద్ర దృశ్యాలు తీసినప్పుడు, నీటికొకటి, మేఘాలకొకటిగా రెండు వేర్వేరు నెగటివులను ఒకే ముద్రణలో కలిపి ఈ చిక్కును పరిష్కరించాడు. నేలనూ నింగినీ ఒకే చిత్రంలో చూపాలనుకునే ప్రకృతి దృశ్య ఛాయాగ్రాహకుల ముందు ఈ సమస్య నేటికీ అలాగే ఉంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ దక్షిణ భారతం మీదుగా సాగినప్పుడు తెలుగు ప్రాంతం ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలకు కేంద్రమైంది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బ్రిటిషు సైనిక ఇంజనీరు మేజర్ టెనెంట్ గుంటూరులో తమతమ పరికరాలతో సిద్ధమయ్యారు. వర్ణపటమాపకంతో గుంటూరులో సూర్యజ్వాలలను పరిశీలించిన జాన్సెన్, గ్రహణం లేని రోజున కూడా వాటిని చూడవచ్చునని మరునాడే నిరూపించి ప్రసిద్ధుడైతే, టెనెంట్ బృందం వెండి పూత వేసిన గాజు దర్పణం గల పరావర్తన దూరదర్శినితో గ్రహణాన్ని చిత్రించే బాధ్యత తీసుకుంది.

గ్రహణం పగటి ఘటనే అయినా, చీకటి కమ్మిన ఆకాశాన్ని చిత్రించడంలో ఉండే కష్టమంతా అందులో ఉంది. సంపూర్ణ దశ ఆరు నిమిషాల లోపే ముగిసిపోతుంది. అంతకుముందు పూసిపెట్టుకున్న పలకలు ఆగస్టు ఉక్కలో ఎంతోసేపు తడిగా నిలవవు. ఒకరు చీకటి గుడారంలో పలకను సిద్ధం చేస్తుండగా, ఒకరు దానిని దూరదర్శినికి అమర్చి తెరిచి మూయాలి, మరొకరు కాలాన్ని లెక్కబెడుతూ ఉండాలి, అప్పటికే తీసిన పలకను ఇంకొకరు కడగాలి. ఏ ఒక్కరు తడబడినా చిత్రం చేజారుతుంది కనుక, గ్రహణ బృందాలు ముందు రోజుల్లోనే ప్రతి కదలికనూ గడియారం ఎదుట అభ్యాసం చేసేవి. ఒక్క క్షణంలో తీసినట్లు కనిపించే ఆకాశ చిత్రం వెనుక ఎన్నో రోజుల తర్ఫీదు ఉండాలన్న పాఠం ఆ తరానికి ఇలాంటి గ్రహణ శిబిరాల్లోనే ఒంటబట్టింది.

తడి పలక కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి, మసకగా ఉండే నక్షత్రాలకు అది పనికిరాలేదు. 1870లలో జెలటిన్ పూతతో తయారైన పొడి పలకలు వచ్చాక గంటల తరబడి వెలుగును పోగుచేయడం సాధ్యమైంది. 1882లో దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో డేవిడ్ గిల్, స్థానిక ఛాయాగ్రాహకుని కెమెరాను దూరదర్శినికి బిగించి ఆ ఏటి మహా తోకచుక్కను చిత్రించినప్పుడు, తోకచుక్క వెనుక లెక్కలేనన్ని నక్షత్రాలు స్పష్టంగా పడ్డాయి. ఆకాశ పటాన్ని చేత్తో గీయనక్కరలేదని దీనితో తేలిపోగా, పారిస్ వేధశాల అధిపతి ఎర్నెస్ట్ ముషే చొరవతో 1887లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆకాశమంతటినీ వేధశాలలకు పట్టీలుగా పంచి, ఛాయాచిత్రాల ద్వారా నక్షత్ర పట్టిక తయారుచేయాలని నిర్ణయించింది. ఇదే కార్ట్ దు సియెల్, అనగా ఆకాశ పట ప్రణాళిక.

ఈ మహాకార్యంలోకి హైదరాబాదు ఆలస్యంగా వచ్చినా, చేసిన పని ఘనమైనది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజాం అనుమతితో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. తొలి సంచాలకుడు ఆర్థర్ చాట్‌వుడ్ ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫును, అనగా నక్షత్ర ఛాయాచిత్రణకే ఉద్దేశించిన దూరదర్శినిని, నిలబెట్టగా, ఆయన తరువాత పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ ఆ పనిని కొనసాగించారు. చిలీలోని శాంటియాగో వేధశాల పూర్తిచేయలేకపోయిన దక్షిణ క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణీయ దూరం) 17 నుంచి 23 డిగ్రీల పట్టీ ముందుగా హైదరాబాదుకు దక్కింది. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలిన భాగం నుంచి ఉత్తర క్రాంతి 36 నుంచి 39 డిగ్రీల పట్టీ తరువాత తోడయింది.

ప్రణాళిక నిర్దేశించిన కొలత ప్రకారం పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతుకు సమానం. ఖగోళ మధ్యరేఖ వద్ద ఉన్న నక్షత్రం, దూరదర్శిని కదలకుండా నిలిచిపోతే, నాలుగే సెకన్లలో ఆ పలకపై ఒక మిల్లీమీటరు జరిగిపోతుంది. నిమిషాల తరబడి సాగే చిత్రణకు ఇది ఎంత పెద్ద తేడాయో చెప్పనక్కరలేదు. కాబట్టి గడియార యంత్రం దూరదర్శినిని భూభ్రమణానికి ఎదురుగా తిప్పుతుండగా, పరిశీలకుడు పక్కనే బిగించిన మరో దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని సన్నని తీగల కూడలిపై నిలిపి ఉంచి, అది రవ్వంత జరిగినా చేత్తో సరిదిద్దుతూ, చిత్రణ ముగిసేదాకా కన్ను తిప్పకుండా కూర్చునేవాడు. ఐదేసి మిల్లీమీటర్ల ఎడంతో గీసిన గళ్లను కూడా అదే పలకపై కాంతితో ముద్రించి, రెండింటినీ కలిపి కడిగేవారు. దీనివల్ల జెలటిన్ పొర సాగినా ముడుచుకున్నా గళ్లు కూడా అంతే జరుగుతాయి కనుక, నక్షత్ర స్థానాన్ని గీతల నుంచి నమ్మకంగా కొలవగలిగేవారు. ఇలా కొలిచి పట్టికలకెక్కించిన నక్షత్రాలు ఏడు లక్షల అరవై వేలకు పైబడ్డాయి.

1919 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చిన ఈ వేధశాల చుట్టూ నగరం పెరిగి, దీపాల కాంతి ఆకాశాన్ని కమ్మేయడంతో, పరిశీలనలు 1960లలో జాపాల్-రంగాపూర్‌కు తరలాయి. అయినా పాత పలకల విలువ తరగలేదు. యూరప్ వారి హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలను, వివిధ దేశాల వేధశాలలు ఈ ప్రణాళిక కింద నమోదు చేసిన స్థానాలతో పోల్చి, దాదాపు ఎనభై ఏళ్లలో ఏ నక్షత్రం ఎటు ఎంత జరిగిందో లెక్కగట్టి, 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టికను 2000లో వెలువరించారు. పలకతో పాటు తేదీ, వేళ, చిత్రణ వ్యవధి జాగ్రత్తగా రాసి ఉంచినందువల్లనే ఇది సాధ్యపడింది.

డిజిటల్ కెమెరా చేతికొచ్చిన నేటి ఔత్సాహికుడు ఎదుర్కొనే సమస్యలూ ఇవే. ట్రైపాడ్‌పై కదలకుండా నిలిపిన పూర్తి ఫ్రేమ్ కెమెరాతో, 500ను కటకపు నాభ్యంతరంతో భాగించగా వచ్చే సెకన్లకు మించి తెరిస్తే నక్షత్రాలు గీతలు కడతాయన్నది వాడుకలో ఉన్న స్థూల సూత్రం. ఆ లెక్కన 20 మిల్లీమీటర్ల కటకానికి దక్కే గడువు 25 సెకన్లు. అంతకు మించి కావాలంటే కెమెరాను నక్షత్రాలతో పాటు తిప్పే ట్రాకర్ అవసరం, అప్పుడు కొండలూ చెట్లూ చెదిరిపోతాయి కనుక నేలను విడిగా తీసి కలపవలసి ఉంటుంది. లె గ్రే చేసినదీ అదే. పాలపుంత కేంద్రం హైదరాబాదు వద్ద దక్షిణ దిశలో 44 డిగ్రీల దాకా ఎగబాకడం ఈ నేల అదృష్టమే అయినా, అది బాగా కనిపించే రాత్రులలో చాలా భాగాన్ని వానకాలపు మబ్బులు మింగేస్తాయి. మిగిలినవాటిని నగర దీపాలు పలుచబరుస్తాయి. కాబట్టి ఒకే చోటికి, ఒకే అమరికతో మళ్లీమళ్లీ వెళ్లి, ప్రతి చిత్రానికీ వేళ, వ్యవధి, లోపం రాసిపెట్టుకునేవారే ఇందులో నిలకడగా మెరుగుపడతారు. బేగంపేట పరిశీలకులు మిగిల్చిన ఆస్తి ఈ క్రమశిక్షణే. దానిని అందుకోవడానికి ఖరీదైన పరికరం కంటే ముందు కావలసినవి ఒక నోటుపుస్తకం, చీకటి మిగిలిన ఒక చోటు. అటువంటి చోట్లను దీపాల వెల్లువ నుంచి కాపాడుకోవడం ఈ విద్యను ప్రేమించేవారందరి బాధ్యత.