రూట్ రెండు ఎందుకండీ?

మనం పరీక్షలు రాసింది అరఠావుల మీద. ఇప్పుడు ఎక్కడ చూసినా ఏ4. అమెరికాలో స్థిరపడిన మన మిత్రులు వాడేది మాత్రం ‘లెటర్’ సైజు. ఈ తేడా వెనక మనల్ని విసిగించిన రూట్ రెండు ఉంది.

పొడవు వెడల్పుకు రూట్ రెండు రెట్లుంటే, కాగితాన్ని సగానికి మడిచినా ఆకారం మారదు. జర్మన్ శాస్త్రవేత్త లిచ్టెన్‌బెర్గ్ 1786లోనే ఒక ఉత్తరంలో ఈ విషయం రాశాడు. వాల్టర్ పోర్స్ట్‌మన్ కృషితో 1922లో ఇది జర్మనీ ప్రమాణమైంది. 1975లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ఏ0 వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని నాలుగుసార్లు సగం చేస్తే ఏ4: 210 × 297 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితమైతే ఒక్కో ఏ4 ఐదు గ్రాములు తూగుతుంది.

అమెరికా అంగుళాలను వదల్లేదు. 1921లో ప్రభుత్వ కార్యాలయాలకు 8 × 10½ అంగుళాలు నిర్ణయించారు. బయట వ్యాపారాల్లో 8½ × 11 వాడుకలో ఉండేది. రీగన్ హయాంలో ప్రభుత్వమూ దానికే మారింది. ఇది ఏ4 కన్నా 6 మిల్లీమీటర్లు వెడల్పు, 18 మిల్లీమీటర్లు పొట్టి. సగానికి మడిస్తే ఆకారం మారిపోతుంది.

మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు, మన సంఘం పంపిన ఏ4 పేజీని అక్కడ ప్రింటు తీశాను. అడుగు వరుస తెగిపోయింది. అందులో ఉన్నది మన లెక్కల మాస్టారి పేరు. “రూట్ రెండు ఎందుకండీ?” అని ఆయన్ని అడిగింది నేనే.